వియ్యపురాలు తెచ్చిన సీసా

కిందటేడు ఆగస్టు నెలాఖరులో మా ఇంటికి వియ్యాలవారు వచ్చారు. వియ్యాలవారు రావడంలో వింతేముంది, దానికింత రాయాలా అంటారేమో! మా వియ్యాలవారిది పక్కూరు కాదండి. ఫ్రాన్సు దేశంలో బోర్డో నగరానికి దగ్గర్లో ఓ పల్లెటూరు. మా అమ్మాయి చదువుకని అక్కడికెళ్లింది. ఉద్యోగంలో చేరింది. అక్కడి అబ్బాయినే చేసుకుంది. పెళ్లి వాళ్లూరి మునిసిపల్ ఆఫీసులో జరిగింది. మేము ఫొటోలు చూసుకుని అక్షింతలు ఇక్కడే వేశాం. రెండేళ్ల తర్వాత ఇప్పుడు మొగుణ్ణీ, అత్తమామల్నీ వెంటబెట్టుకుని రామచంద్రపురంలో మా ఇంటికి దిగింది.

నెల ముందునుంచే నాకు కంగారు. మంచం పొట్టవుతుందేమో, నీళ్లు పడవేమో, కారం తినగలరో లేదో! మా వారు మాత్రం నిమ్మళంగా "గోదారికి ఎర్రనీళ్లొచ్చాయి. పులస పెడదాం. ఇంక ఆలోచనెందుకు?" అన్నారు. నాకూ నచ్చింది. ఈ రోజుల్లో అసలైన పులస దొరకడమే గగనం. దొరికినా ధర వేలల్లో ఉంది. అయినా వియ్యాలవారికి కాక ఇంకెవరికి పెడతాం?

వచ్చిన రోజు సాయంత్రం పెట్టెలు విప్పారు. నాకో టేబుల్ క్లాతు, మా వారికో చొక్కా, సబ్బులు, చాక్లెట్లు. ఆఖర్న వియ్యపురాలు గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి తీసి, మనం తాంబూలం ఇచ్చినట్టు రెండు చేతులతో పట్టుకుని నాకందించింది. విప్పి చూద్దును కదా, సీసా! లేత పసుపురంగు ద్రవం, మీద ఓ ఇంటి బొమ్మ.

"వాళ్ల తమ్ముడి తోటలోదమ్మా. తెల్ల వైను. నీకోసమని పదిలంగా తెచ్చారు" అంది మా అమ్మాయి.

నేను నవ్వాననే అనుకున్నాను. కానీ సీసాని చేత్తో పట్టుకోలేకపోయాను. తీసుకెళ్లి వసారాలో చెప్పుల స్టాండు పక్కన పెట్టేసి వచ్చాను. మా వారు చూసి తల దించుకున్నారు. వియ్యపురాలూ చూసింది. ఏమీ అనలేదు.

అమ్మాయి మాత్రం వంటింట్లోకొచ్చి పట్టుకుంది. "ఏంటమ్మా అది? మనం మన చెట్టు మామిడికాయలు పట్టుకెళితే, వాళ్లు చెప్పుల దగ్గర పెడితే నీకెలా ఉంటుంది?"

"మామిడికాయ తిని ఎవరూ పెళ్లాన్ని కొట్టలేదులే" అన్నాను. నోరు జారానని వెంటనే అర్థమైంది. పిల్ల ఏదో మాటవరసకి అన్నాననుకుని విసురుగా వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే పులస వచ్చింది. కిలోన్నర తూగింది. పులస ముందురోజు వండి మర్నాడు తింటేనే రుచి అని మీకు నేను చెప్పక్కర్లేదు. మట్టిదాక పొయ్యిమీద పెట్టి, నూనె కాగాక ఉల్లిపాయ ముద్ద, చీల్చిన పచ్చిమిరపకాయలు వేయించి, పసుపు, ఉప్పు, కారం వేసి, ముక్కలు పేర్చి, చిక్కటి చింతపండు పులుసు పోశాను. లేత బెండకాయలు నిలువునా వేశాను. ఇంక గరిట పెట్టకూడదు. దాకని రెండు పక్కలా గుడ్డతో పట్టుకుని తిప్పడమే. సన్నసెగ మీద బాగా మరిగాక మెంతిపొడి చిటికెడు, కొత్తిమీర, ఆవకాయ మీద తేరిన నూనె రెండు గరిటెలు, దించేముందు నిమ్మకాయంత వెన్న.

వియ్యపురాలు పీట వేసుకుని నా పక్కనే కూర్చుంది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. అయినా వంటింట్లో ఇద్దరాడవాళ్లకి మాటలెందుకు చెప్పండి? ఆవిడ ఉల్లిపాయలు వలిచింది, నేను నూరాను. పప్పులోకని తెచ్చిన చుక్కకూర కట్ట పక్కనే ఉంటే, ఓ ఆకు తుంచి నోట్లో వేసుకుంది. కళ్లు పెద్దవి చేసి "ఓజేయ్! ఓజేయ్!" అంది. నేను హడలిపోయి అమ్మాయిని కేకేశాను.

సంగతేమిటంటే, మన చుక్కకూరకి దగ్గర చుట్టం వాళ్ల దేశంలో ఉందట. ఆకు అదే తీరు, పులుపూ అదే. రెండూ ఒకే ప్రజాతి మొక్కలు. వాళ్ల నదుల్లోకీ పులసలాంటి చేపే సముద్రంలోంచి గుడ్లు పెట్టడానికి ఏరుకి ఎదురీదుతూ వస్తుందట. దాని పేరు 'అలోజ్'. మన పులసా అదీ చుట్టాలే. రెంటికీ లెక్కలేనన్ని సన్నముళ్లు. పుల్లాకుతో కలిపి వండితే ముళ్లు మెత్తబడతాయని ఆవిడ తల్లి చెప్పేదట. చింతపండు పులుసులో నిదానంగా మరిగితే పులస ముల్లు మెత్తబడుతుందని మా అమ్మ చెప్పేది. ఎక్కడి బోర్డో, ఎక్కడి గోదారి!

"మరి ఇప్పుడూ వండుతారా?" అని అడిగించాను. తల అడ్డంగా ఊపింది. చేపలు బాగా తగ్గిపోవడంతో 2008 నుంచీ వాళ్ల నదుల్లో దాన్ని పట్టడం నిషేధమట. "మీ చేపని జాగ్రత్తగా చూసుకోండి" అంది. మన దగ్గర ధవళేశ్వరం ఆనకట్ట దాటి పులస పైకి పోలేదు, కిందనేమో వలలు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. వేడన్నంలో పులుసు. అల్లుడు నాలుగు ముద్దలకే చెమటలు కక్కాడు కానీ వదల్లేదు. అమ్మాయి ఉత్సాహంగా "మా వైపు ఓ సామెత ఉంది, పుస్తెలమ్మి అయినా పులస తినాలని" అంటూ మెడలో గొలుసు చూపించి వాళ్లకి విడమరిచి చెప్పింది. అందరూ పకపకా నవ్వారు.

నాకు ముద్ద దిగలేదు.

మా అమ్మ పుస్తెలు నిజంగానే అమ్ముడుపోయాయండి. పులస కోసం కాదు.

ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదు. ఆ సీసా చెప్పుల దగ్గర పెట్టి ఆవిడ మనసు కష్టపెట్టానన్న బాధ రెండురోజులుగా తొలుస్తోంది. "అమ్మాయ్, నేను చెప్పింది చెప్పినట్టు మీ అత్తగారికి చెప్పు" అని మొదలుపెట్టాను.

మా పుట్టిల్లు ద్రాక్షారామం దగ్గర పల్లె. నాన్నకి రెండెకరాల చేను, చేతినిండా పని. తాగుడొక్కటే లోపం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకొట్టు మూయించారని పేపర్లో వస్తే, మా అమ్మ ఆ కాగితం దాచుకుంది. 1993లో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చిన రోజున అమ్మ భీమేశ్వరస్వామికి కొబ్బరికాయ కొట్టింది. కానీ మాకు యానాం దగ్గర. యానాం అప్పటి మన జిల్లా మధ్యలో ఉన్నా మన రాష్ట్రం కాదు. అప్పటి పాండిచ్చేరి కింద ఉన్న ముప్ఫై చదరపు కిలోమీటర్ల ముక్క. నిషేధం దానికి లేదు. పంచాయితీ పనంటాడు, విత్తనాలంటాడు, బస్సెక్కి యానాం పోయేవాడు. తవుడు బస్తాలో సీసాలు దాచేవాడు. మొదట చేను, తర్వాత గేదె, ఆఖరికి పుస్తెలు. అమ్మ పసుపుకొమ్ము కట్టుకుని తిరిగింది. 1996లో నాన్న కామెర్లొచ్చి పోయాడు.

ఇక్కడికొచ్చేసరికి అమ్మాయి ఫ్రెంచిలో చెప్పడం ఆపేసింది. నా మొహంలోకే చూస్తోంది. "తాతయ్య కామెర్లతో పోయాడనే కదమ్మా చెప్పావు" అంది సన్నగా.

"కామెర్లే. ఎందుకొచ్చాయో చెప్పలేదు."

నిషేధం సడలించిన 1997లోనే నా పెళ్లయింది. పెళ్లిచూపుల్లో నేనడిగిన మాట ఒక్కటే, మన గడప లోపలికి సీసా రాకూడదని. మా వారు పాతికేళ్లు దాటినా ఆ మాట తప్పలేదు. ఆయన స్నేహితులు ఎగతాళి చేసినా సరే.

అమ్మాయి కళ్లు తుడుచుకుని మిగతాది వాళ్లకి చెప్పింది. వియ్యపురాలు చెయ్యి కడుక్కుని లేచింది. వసారాలోకెళ్లి, సీసా తీసి, తన పెట్టెలో పెట్టేసి తాళం వేసి వచ్చి కూర్చుంది. "వదినగారూ, నాకు తెలీదు" అని అమ్మాయిచేత చెప్పించింది. మా ద్రాక్షరసం మంచిది, మీ సారాలాంటిది కాదు అని వాదించలేదు. అదే నాకు నచ్చింది. "ద్రాక్షతోటలున్న ఊళ్లో మీ నాన్నగారిలాంటి వాళ్లు లేకుండా ఎలా ఉంటారు? ప్రతి వీధిలోనూ ఉండేవారు" అంది. వాళ్ల దేశంలో బడిపిల్లలకి మధ్యాహ్న భోజనంలో వైను పోసే అలవాటుండేదట. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి అలా ఇవ్వకూడదని 1956లోగాని ఆపలేదట. 1991లో మద్యం ప్రకటనలకి కళ్లెం వేస్తూ చట్టం తెచ్చుకున్నారట. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒట్టు నాది. దానికి కారణం మా నాన్న. ఆవిడ చేసిన తప్పేమిటి? తెల్లారాక నేనే అన్నాను. "ఇవాళ యానాం పోదాం. వాళ్లూ ఫ్రెంచివాళ్లేగా, చూసినట్టుంటుంది. ఆ సీసా తీసుకురమ్మను. నా గడపలో వద్దన్నాను గానీ, మీ భోజనానికి అడ్డుపడతానని కాదు." మా వారు నాకేసి ఆశ్చర్యంగా చూశారు. నాన్న పోయాక నేను యానాం గడ్డ తొక్కలేదు మరి.

కారియర్లో పులుసు, తక్కువ కారంతో రొయ్యల వేపుడు, కొబ్బరిపాలు పోసిన రొయ్యల ఇగురు, నిమ్మకాయ పిండి పెనం మీద కాల్చిన పండుగొప్ప ముక్కలు సర్దాను. దారిలో ద్రాక్షారామం బోర్డు చూసి అల్లుడు "ఇక్కడా ద్రాక్షతోటలున్నాయా?" అన్నాడు. లేవు నాయనా, దక్షుడి పేరున వచ్చిన ఊరది, పేరులోనే ద్రాక్ష అని చెప్పాం.

యానాంలో ఫ్రెంచివారు 1723లో కాలుపెట్టారు. 1954లో వదిలారు. 1962లో కాగితాల మీద కూడా అది మనదైంది. మా అమ్మమ్మల కాలంలో యానాం పేరు చెబితే పెళ్లిళ్లే గుర్తుకొచ్చేవట. 1930లో ఇంగ్లీషువాళ్ల ఇలాకాలో శారదా చట్టం అమల్లోకొచ్చాక, అది వర్తించని యానాం తీసుకెళ్లి చిన్నపిల్లలకి పెళ్లిళ్లు చేసేవారు. అందుకే దాన్ని కల్యాణపురం అన్నారు. ఇటు చట్టం వస్తే అటు దాటడం కొత్తేం కాదన్నమాట! అప్పుడు పిల్లల మెడలో పుస్తెలు పడ్డాయి, మా అమ్మ కాలంలో పుస్తెలు తెగాయి.

గోదారి ఒడ్డున ఓ గెస్ట్‌హౌసులో గది తీసుకుని, వరండాలో బల్ల వేయించుకున్నాం. వియ్యంకుడు సీసా బిరడా తీశాడు. అందరికీ అర గ్లాసు. నాకూ మా వారికీ కొబ్బరినీళ్లు.

వాసన చూడమని గ్లాసు నా ముందు పెట్టింది వియ్యపురాలు. బెదురుతూనే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాన్న దగ్గరొచ్చే కంపు కాదు. నిమ్మాకు నలిపినట్టు, పచ్చిమామిడి కోసినట్టు, వెనకాల కాస్త తేనెలాగ. పెదవికి తగలనివ్వకుండా వెనక్కిచ్చేశాను.

వాళ్ల ప్రాంతాన్ని 'ఆంత్రదోమేర్' అంటారట. అంటే రెండు సముద్రాల నడుమ అని. నిజానికి సముద్రాలు కావు, గరోన్, దోర్దోన్ అనే రెండు నదులు. సముద్రపు పోటు నదుల్లోకి ఎదురెక్కుతుంది గనక ఆ పేరు. గౌతమికీ వసిష్ఠకీ మధ్య మన కోనసీమ ఉన్నట్టే! అక్కడి తెల్ల వైనుని ఒక్క ద్రాక్షతో కాక రెండు మూడు రకాలు కలిపి చేస్తారు. సోవిన్యో అనే ద్రాక్ష పులుపూ పరిమళమూ ఇస్తుంది. సెమియో అనేది నూనెలాంటి నునుపూ బరువూ ఇస్తుంది. ముస్కదెల్ కాస్త పూలవాసనకి. మన పులుసుపొడిలో ధనియాలు, మెంతులు, జీలకర్ర కలిపినట్టే. ఏ ఒక్కటీ తనంతట తాను చాలదు.

ఇంక ఏ కూరకి ఏది నప్పుతుందో పరీక్ష మొదలైంది. వాళ్లు రుచి చూసి చెప్పడం, నేను వంటలెక్కలో కారణం వెతకడం.

మొదట పులస పులుసు. వియ్యంకుడు గుటకేసి మొహం చిట్లించాడు. వైను చప్పగా నీళ్లలా ఉందట, పైగా నోరు భగ్గుమందట. కారణం తేలిగ్గానే దొరికింది. పులిహోర తిన్న నోటితో పుల్లమజ్జిగ తాగితే పులుపు తెలుస్తుందా? తిండిలో పులుపు వైనులో పులుపుకంటే ఎక్కువైతే వైను చచ్చిపోతుంది. మద్యంలోని ఘాటు మిరపమంటని ఇంకా ఎగదోస్తుంది. గోంగూర, ఆవకాయ, చింతకాయ అన్నిటికీ ఇదే లెక్క.

నిమ్మరసం పిండిన పండుగొప్ప ముక్కకి మాత్రం అమోఘమన్నారు. మనం వేపుడు చేప మీద నిమ్మచెక్క పిండుతాం కదా, ఆ పని వైను చేస్తుంది. నూనె జిడ్డుని కోస్తుంది, ఉప్పదనాన్ని చల్లబరుస్తుంది. వాళ్ల ఊళ్లో సముద్రపు ఆల్చిప్పల మాంసంతో ఇదే తాగుతారట. కొబ్బరిపాల రొయ్యల ఇగురుకీ బాగా కుదిరింది. కొబ్బరి తియ్యదనానికి సెమియో నునుపు తోడైందట. కారం తగ్గించిన వేపుడుకి పర్వాలేదన్నారు. ఎర్ర వైను అయితే చేపతో ఇనుపముక్క నాకినట్టు ఉంటుందట, అందుకే చేపకి తెలుపు.

మిఠాయి సంగతి అడిగాను. నదికి అవతలి ఒడ్డున సొతెర్న్ అనే చోట ఇవే ద్రాక్షలు శరదృతువు పొగమంచులో ఓ రకం బూజు పట్టి ముడుచుకుపోతాయట. పారేయకుండా ఒక్కొక్కటే ఏరి, తేనెలాంటి తీపి వైను చేస్తారట. మిఠాయికి అది. బూజు పట్టింది పారేయకుండా పేరు తెచ్చుకున్నారంటే వాళ్లూ పొదుపరులే!

భోజనమయ్యేసరికి సీసాలో మూడోవంతు మిగిలింది. వియ్యంకుడు బిరడా బిగించి పక్కన పెట్టేశాడు. నేను దానికేసే చూస్తున్నాను. మా నాన్న ఏనాడూ సీసాలో చుక్క మిగల్చలేదు. భోజనంతో తాగలేదు, నలుగురిలో తాగలేదు, గొడ్లపాకలో ఒంటరిగా తాగాడు. తేడా కళ్లకి కట్టింది.

అయితే ఈ మాట చదివి, అన్నంతోపాటు తాగితే తప్పులేదట అని ఎవరూ అనుకోవద్దు. ఎంత కొంచెమైనా మద్యం ఆరోగ్యానికి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. ఆ సీసాలోనూ ఉన్నది మద్యమే. ఎవరు అర గ్లాసుతో ఆగుతారో, ఎవరు చేను దాకా పోతారో ముందు చెప్పే సోదెమ్మ ఎవరూ లేరు. నా గడపకి నా ఒట్టు అలాగే ఉంది.

సాయంత్రం ఒడ్డున అమ్మాయీ నేనూ నడిచాం. "అమ్మమ్మ పసుపుకొమ్ము కట్టుకున్న ఫొటో ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. ఇన్నేళ్లూ పెట్టె అడుగున దాచాను. ఇంటికెళ్లాక తీసి ఇచ్చాను. పరువని దాచిపెట్టిన కథ పిల్లకి ఆస్తిగా ఇచ్చినట్టనిపించింది. ఎందుకంటే రేపు దాని పిల్లలు ద్రాక్షతోటల మధ్య పెరుగుతారు. ఈ కథ వాళ్లకి నాకంటే ఎక్కువ అవసరం.

వెళ్లేరోజున వియ్యపురాలు పులుసు కొలతలన్నీ రాయించుకుంది. నెల తిరిగాక ఫోనొచ్చింది. అక్కడి ఆసియా కొట్లో చింతపండు కొని, దొరికిన చేపతో పులుసు పెట్టి తమ్ముడి కుటుంబాన్ని భోజనానికి పిలిచిందట. ముళ్లు మెత్తబడలేదు గానీ రుచి వచ్చిందట.

"మరి దాంతోపాటు ఏం పోశారో అడుగు" అన్నాను అమ్మాయితో.

అటునుంచి నవ్వు వినిపించింది. తమ్ముడు తన సీసా పట్టుకొస్తే పక్కన పెట్టించి, "ఈ పులుసుకి మంచినీళ్లే నప్పుతాయి, మా వదినగారు చెప్పారు" అందట.